కుక్కతో ఉత్తర కెనడా అడవి నదుల్లో కనూ ప్రయాణం: ఇంటి పెరట్లో శిక్షణ నుంచి చివరి పోర్టేజ్ దాకా

మా భీమని కనూలో (తెడ్లతో నడిపే సన్నటి పడవ) చూసినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "మధ్యలో కదలడా?" కదులుతాడు. ముప్ఫై కిలోల లాబ్రడార్, ఒడ్డున ఉడత కనిపిస్తే లేచి నిలబడతాడు. సామాన్ల మూట ఎంత బరువున్నా పెట్టిన చోట ఉంటుంది. కుక్క అలా కాదు, దానికి సొంత నిర్ణయాలుంటాయి. ఆ కదలికను ఎలా అదుపులో పెట్టాలి, అదుపు కాదనిపిస్తే ఎక్కడ దింపి నడిపించాలి అన్నదే ఈ గైడ్.

ఇది ఇద్దరు మనుషులు, ఒక కుక్క, 16 లేదా 17 అడుగుల కనూ అనుకుని రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఉత్తర ఒంటారియోలోని మిసినైబీ నదివి. క్లాస్ 2 ర్యాపిడ్స్ (బండల మధ్య నీళ్లు ఉరకలేసే చోట్లు, క్లాస్ అంకె పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది) దాటడం, ఎడ్డీలో (బండ వెనక నీళ్లు నెమ్మదించి వెనక్కి తిరిగే చోటు) ఆగడం, ప్రవాహానికి ఏటవాలుగా తెడ్డు వేసి అవతలి ఒడ్డు చేరడం మీకు వచ్చనుకుంటున్నాను. రాకపోతే అవి ముందు కుక్క లేకుండా నేర్చుకోండి. రెండూ ఒకేసారి నేర్చుకోవడం కుదరదు.

## 1. ముందు, ఈ కుక్క పనికొస్తుందా?

ప్రేమ పక్కన పెట్టి చూడాలి. వీటిలో ఒక్కదానికి "కాదు" అని వచ్చినా ఈ ఏడాదికి వదిలేయండి.

- ఎముకలు గట్టిపడే వయసు దాటిందా? కీళ్ల నొప్పులు లేవు కదా?
- తనంతట తాను బాగా ఈదుతుందా? పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఈదలేక, ఊపిరందక ఇబ్బంది పడతాయి.
- ఉడత వెంట పరిగెడుతున్నప్పుడు "రా" అంటే వెనక్కి వస్తుందా? ఇంట్లో బిస్కెట్ చూపిస్తే రావడం లెక్కలోకి రాదు.
- గంట సేపు ఒకే చోట పడుకోగలదా?

## 2. ఇంటి దగ్గర నేర్పాల్సిన నాలుగు మాటలు

ఎక్కు, పడుకో, ఆగు, దిగు. ఈ నాలుగూ చాలు. ఏ భాషలో అయినా సరే, ఒక్క షరతు: వదిలేసే మాట "ఓకే" కాకూడదు.

ఇది దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలామంది లాగే నేనూ భీమకి "ఓకే" అంటే లేవచ్చు అని నేర్పాను. ఒక ర్యాపిడ్ పైన పోర్టేజ్ (నీళ్లలో వెళ్లలేని చోట కనూని, సామాన్లని మోసుకుని నడిచే దారి) రేవుకి పది అడుగుల దూరంలో ఉన్నాం. ముందు కూర్చున్న మా తమ్ముడు బండ చూసి "ఓకే, లెఫ్ట్!" అన్నాడు. భీమ ఒక్క గెంతు గెంతాడు. "అన్నా, కనూ పట్టుకో!" అని అరుస్తూ వాడు నడుము లోతు నీళ్లలోకి దిగిపోయాడు. కనూ సగం నిండింది, కానీ ప్రవాహంలోకి జారలేదు. జారి ఉంటే కింద ఉన్నది జలపాతం. కనూలో ఇద్దరు మనుషులు రోజుకి వంద సార్లు "ఓకే" అనుకుంటారు. ఆ నెలలోనే మాట మార్చాం. ఇప్పుడు "దిగు" అని నేనంటే తప్ప వాడు లేవడు. చుట్టుపక్కల ఎవరూ ఆ మాట అనరు కాబట్టి తెలుగు ఇక్కడ బాగా కలిసొచ్చింది.

నేర్పే వరుస:

1. కనూని పెరట్లో గడ్డి మీద పెట్టండి. కుక్క రోజూ పడుకునే మ్యాట్‌ని మధ్యలో పరచండి. ఎక్కించి, పడుకోబెట్టి, ఏదైనా పెట్టి, దింపండి. రోజుకి పది నిమిషాలు చాలు.
2. పడుకుని ఉన్నప్పుడు మీరు కనూని పక్కలకి ఊపండి. మొదట కొంచెం, తర్వాత గట్టిగా. లేస్తే ఊపడం ఆపి మళ్లీ పడుకోబెట్టండి.
3. తెడ్డుతో అంచు మీద కొట్టండి. దాని తల మీదుగా తెడ్డు తిప్పండి. భయం పోవాలి.
4. బయట బంతి విసరండి. అయినా పడుకునే ఉండాలి. ఈ మెట్టుకే ఎక్కువ రోజులు పడుతుంది, తొందరపడకండి.
5. మీరు ఇద్దరూ దిగి, కనూని కట్టేసి, ఆ తర్వాతే "దిగు" అనండి. ప్రతిసారీ ఇదే వరుస. రేవు దగ్గరే ఎక్కువ కనూలు తిరగబడతాయి.

## 3. చెరువులో, తర్వాత రోడ్డు పక్క ర్యాపిడ్‌లో

వేసవిలో నీళ్లు వెచ్చగా ఉన్న రోజు చూసి, నిలకడ నీటిలో కావాలనే కనూని తిరగేయండి. కుక్కకి లైఫ్ జాకెట్ ఉండాలి, ఒడ్డు దగ్గరుండాలి. గమనించాల్సినవి మూడు: ఒడ్డుకు వెళ్తుందా, మీ మీదకి ఎక్కుతుందా, కనూ కిందకి దూరుతుందా.

చాలా కుక్కలు భయంతో మన భుజాల మీదకి ఎక్కడానికి చూస్తాయి. గోళ్లతో మెడా మొహమూ చీరుకుపోతాయి. చేయి చాచి జాకెట్ పిడి పట్టుకుని దాన్ని పక్కకి తిప్పి, ఒడ్డు వైపు నెట్టండి. మూడు నాలుగు సార్లు చేశాక దానికే అర్థమవుతుంది, నీళ్లలో పడితే ఒడ్డుకు పోవాలని.

ఆ తర్వాత రోడ్డు పక్కన, కింద నిలకడ మడుగు ఉన్న క్లాస్ 1 ర్యాపిడ్‌లో ఒక రోజంతా గడపండి. అక్కడ కనూ ఒరిగినప్పుడు కుక్క ఏ వైపుకి జరుగుతుందో చూడండి. మనం ఎడ్డీలోకి తిరిగేటప్పుడు లోపలి వైపుకి ఒరుగుతాం. కుక్క కంగారుపడి అటో ఇటో జరిగిందా, ఇద్దరూ ఈదాల్సిందే. పడుకుని ఉంటే ఈ సమస్య ఉండదు. లేవకుండా ఉండటం నేర్పింది ఇందుకే.

## 4. వెట్ (పశువైద్యుడు) దగ్గర పని

- రేబిస్ టీకా, దాని సర్టిఫికెట్. ఒంటారియోలో మూడు నెలలు దాటిన కుక్కలకి తప్పనిసరి.
- లెప్టోస్పైరోసిస్ (నీళ్ల ద్వారా సోకే బ్యాక్టీరియా జబ్బు) టీకా గురించి అడగండి. అడవి నీళ్లు తాగే కుక్కకి అవసరం.
- పిడుదుల మందు.
- నొప్పికి, విరేచనాలకి, అలర్జీకి కుక్క బరువుకి తగ్గ మందులు, మోతాదు రాసిన చీటీతో సహా.

మీ ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోని ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కుక్కకి ఇవ్వకూడదు. అవి విషం. తిండి సంగతీ అంతే. ట్రైల్ మిక్స్‌లో ఎండుద్రాక్ష, చాక్లెట్ ఉంటాయి. మనం తీసుకెళ్లే ఉప్మా మిక్స్‌లో, కూరపొడుల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. గిన్నె కుక్కతో నాకించే అలవాటుంటే మానుకోండి.

## 5. ఏ నది, ఏ నెల

మొదటిసారికి పోర్టేజ్‌లు స్పష్టంగా ఉన్న, ప్రతి పెద్ద ర్యాపిడ్‌నీ ఒడ్డున నడిచి దాటగలిగిన నదిని ఎంచుకోండి. మిసినైబీ ఆ లెక్కకి సరిపోతుంది. మిసినైబీ సరస్సు నుంచి మాటిస్ ఊరి దాకా పై భాగం. మాటిస్ దగ్గర హైవే 11 దాటాక మూస్ నదిలో కలిసే దాకా కింది భాగం. మాటిస్ తర్వాత మధ్యలో దారీ లేదు, ఊరూ లేదు. కుక్కతో మొదటి ప్రయాణం పై భాగంతో ఆపేయడం మంచిదని నా అభిప్రాయం.

కింది భాగంలో థండర్‌హౌస్ ఫాల్స్ ఉంది. నది రాతి గట్టు మీద నుంచి కింది పల్లపు నేలలోకి ఒక్కసారిగా దూకే చోటు. దాని పైన పోర్టేజ్ రేవు దాటిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇలాంటి రేవు దగ్గర కుక్క అరిచినా, లేచినా మన చూపు పక్కకి పోతుంది. రేవుకి చాలా ముందే ఒడ్డుకి చేరి, కుక్కని దింపి, లీష్ పట్టుకుని ఒకరు నడవండి. ఇంకొకరు కనూని తాడుతో ఒడ్డు వెంట దింపుకోవచ్చు.

నెల విషయానికొస్తే:

- మే నెలాఖరు, జూన్: నీళ్లు ఎక్కువ, చల్లదనం ఎక్కువ, బ్లాక్ ఫ్లైస్ (కుట్టే చిన్న నల్ల ఈగలు) దారుణం. దూడలతో ఉన్న, జింక జాతిలోకెల్లా పెద్దవైన మూస్‌లు కూడా ఇప్పుడే. మూస్ కంటికి కుక్క, తోడేలు ఒకటే, మీదకొస్తుంది.
- జూలై: దోమలు. నీళ్లు ఓ మోస్తరు.
- ఆగస్టు రెండో సగం: పురుగులు తగ్గుతాయి, నీళ్లు వెచ్చన. కానీ నది తగ్గి బండలు తేలతాయి, కనూ రాసుకుంటుంది.

కుక్కకి ఆగస్టే. నేను బండల రాపిడినైనా భరిస్తాను గానీ బ్లాక్ ఫ్లైస్‌ని కాదు. మాటిస్ దగ్గరి నీటిమట్టం ప్రభుత్వ సైట్‌లో రోజూ కనిపిస్తుంది. బయల్దేరే ముందు పది రోజులు చూసుకోండి. పడిపోతోందా, వానలకి పెరుగుతోందా అన్నది ఒక రోజు అంకెతో తెలియదు.

బయటపడే దారి కూడా ముందే అడిగి పెట్టుకోండి. ఫ్లోట్ ప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) వాళ్లు కుక్కని ఎక్కించుకుంటారా, రైల్లో నిబంధన ఏంటి, రాతపూర్వకంగా కనుక్కోండి. శాటిలైట్ పరికరంలో ఎస్‌ఓఎస్ నొక్కితే వచ్చే హెలికాప్టర్ మనుషుల కోసం. కుక్కని కూడా తీసుకెళ్తారన్న నమ్మకం పెట్టుకోకండి. మీలో ఒకరు గాయపడి వెళ్లిపోతే కుక్కతో మిగిలేది ఎవరు, వాళ్లు ఎలా బయటికొస్తారు? ఇది ఇంట్లో బల్ల దగ్గర తేల్చుకోవాల్సిన విషయం.

## 6. కుక్క సామాను

- పైన గట్టి పిడి ఉన్న లైఫ్ జాకెట్. పిడి పట్టుకుని కుక్కని గాల్లోకి ఎత్తి చూడండి, జారిపోతే సైజు తప్పు.
- నీళ్లు పీల్చని ఫోమ్ మ్యాట్. పగలు కనూలో, రాత్రి టెంట్‌లో అదే.
- రెండు మీటర్ల లీష్, ఇంకొకటి అదనంగా. ఒంటారియో పార్కుల్లో అంతకంటే పొడవు పనికిరాదు.
- పాదాలకి బూట్లు రెండు జతలు, అంటుకునే బ్యాండేజ్ రోల్.
- దోమతెర చొక్కా, చిన్న ఫ్లీస్ కోటు, తువ్వాలు.
- సన్న మొన ప్లయర్స్, మూతి కట్టడానికి మెత్తటి గుడ్డ పట్టీ, థర్మామీటర్.
- మెడలో ఫోన్ నంబర్ బిళ్ల, చిన్న గంట.

ప్రయాణంలో కుక్క ఇంట్లో తినేదానికి ఒకటిన్నర రెట్లు తింటుంది. భీమకి ఇంట్లో 400 గ్రాములు, నది మీద 600. పన్నెండు రోజులకి ఏడు కిలోల పైమాటే. బిగించే మూత ఉన్న బ్యారెల్‌లో మన తిండితో పాటే పెట్టాలి. ఆ వాసన మన బియ్యం కంటే ఎలుగుబంటికి ముందు తగులుతుంది.

గోళ్లు బయల్దేరే వారం ముందు కత్తిరించండి. ముందు రోజు కత్తిరిస్తే చివరలు పదునుగా ఉంటాయి.

## 7. కనూలో సర్దడం

వెనక కూర్చునే వ్యక్తి మోకాళ్ల ముందు కుక్క చోటు. మాట వినిపిస్తుంది, చేయి అందుతుంది, లేవబోతే ముందుగా తెలుస్తుంది. ముందు పెడితే అటు తెడ్డు వేసేవాళ్లకి అడ్డం, పైగా కనూ ముక్కు బరువెక్కి కెరటాలు లోపలికొస్తాయి.

మూటల్ని కుక్క చుట్టూ గూడులా పేర్చి కట్టేయండి. గూడు మరీ ఇరుకు కాకూడదు. తిరగబడితే నిమిషం ఆలోచించకుండా బయటికి జారగలగాలి. తాడు ముడులు, వేలాడే పట్టీలు దాని కాళ్లకి అందకూడదు. స్ప్రే డెక్ (నీళ్లు పడకుండా కనూ మీద కప్పే గుడ్డ) వేస్తే కుక్క ఉన్న చోటు తెరిచే ఉంచండి.

కనూలో లీష్ వద్దు. కుక్కని కనూకి కట్టడం, మీకు కట్టుకోవడం రెండూ వద్దు. ఈ మాటలో మినహాయింపు లేదు.

ఎండ రోజున మ్యాట్ మీద నీళ్లు చల్లండి. నల్ల బొచ్చు కుక్కకి ఉత్తరాది ఎండ కూడా ఎక్కువే.

## 8. ర్యాపిడ్ దగ్గర: ఏం చేయాలి, ఏ వరుసలో

1. శబ్దం వినగానే ఒడ్డు వైపు జరగండి. చూశాక కాదు.
2. ఆగండి, కనూ కట్టండి, తర్వాత కుక్కని దింపి లీష్ వేయండి.
3. ఇద్దరూ నడిచి చివరిదాకా చూడండి. నీళ్లలో కూలిన చెట్లు, బండల మధ్య ఇరుకు, కింద ఏముంది, అన్నీ. కింద వెంటనే ఇంకో ర్యాపిడ్ ఉంటే అది కూడా ఇందులో భాగమే.
4. ఒకరినొకరు ఈ ప్రశ్న అడగండి: "ఇక్కడ కుక్కతో పాటు ఈదడానికి మనం సిద్ధమేనా?"
5. ఇద్దరిలో ఒక్కరు తటపటాయించినా కుక్క నడుస్తుంది.

కుక్క నడవడమంటే మనిషి కూడా నడవాలి కదా, అప్పుడు కనూ ఎవరు నడుపుతారు? దీనికి మూడు దారులు. ఒకటి, మొత్తం పోర్టేజ్. రెండు, కనూని తాళ్లతో దింపడం. మూడు, కుక్కని కిందికి నడిపించి, నీడలో మూటల దగ్గర కట్టేసి, మనుషులిద్దరూ వెనక్కొచ్చి ఖాళీ కనూతో దిగడం. మూడోది చాలామంది మర్చిపోతారు. చిన్న ర్యాపిడ్‌కి ఇదే సుఖం. కాకపోతే ఎలుగుబంటి ఆనవాళ్లున్న చోట కుక్కని ఒంటరిగా కట్టేయకండి.

నా హద్దు చెబుతాను. కుక్క లేకపోతే క్లాస్ 3 దిగే చోట, కుక్కతో క్లాస్ 2 వరకే. నీళ్లు చల్లగా ఉంటే ఇంకో మెట్టు తక్కువ. మిసినైబీ పై భాగంలో గ్రీన్‌హిల్ ర్యాపిడ్స్ పొడవుగా సాగుతుంది. మధ్యలో తిరగబడితే కింది దాకా ఈదాలి. అక్కడ మేం ఎప్పుడూ నడుస్తాం.

దిగుతున్నప్పుడు ఇద్దరూ మోకాళ్ల మీద ఉండాలి. కుక్కతో ఎవరో ఒకరే, తక్కువ గొంతుతో మాట్లాడాలి. మీరు కేకలేస్తే అది లేస్తుంది.

## 9. తిరగబడితే

- కనూకి ఎగువ వైపుకి పోండి. నీళ్లు నిండిన కనూకీ బండకీ మధ్య చిక్కుకుంటే బతకడం కష్టం.
- వెల్లకిలా పడుకుని, కాళ్లు నీటి పైకి తేల్చి, ప్రవాహం పోయే వైపుకి చాచండి. పరుగు నీటిలో నిలబడకండి, పాదం బండల్లో ఇరుక్కుంటుంది.
- ముందు మీ ఊపిరి. చల్లటి నీళ్లలో మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాతి పది నిమిషాలు చేతులు పనిచేయడానికి. కెనడాలో బోధించే 1-10-1 లెక్క ఇదే. చివరి ఒకటి, ఒంటి వేడి పోయి స్పృహ తప్పడానికి పట్టే సుమారు గంట.
- కుక్క కోసం ఎదురీదకండి. మీరు ఒడ్డెక్కి పిలవండి. జాకెట్ ఉంటే అది తేలుతుంది.
- విసిరే తాడు మనుషులకే. కుక్క తాడు పట్టుకోలేదు, చుట్టుకుంటుంది.

చివరి రెండూ చదవడానికి తేలిక, అక్కడ చేయడం కష్టం. చెరువులో ముందే అన్ని సార్లు తిరగేయించింది ఇందుకే. మన కుక్క ఒడ్డుకు పోతుందని కళ్లారా చూసి ఉంటే దాని వెంట పడబుద్ధి కాదు.

ఒడ్డెక్కాక కుక్క వణుకు ఆగకపోతే తుడిచి, ఫ్లీస్ వేసి, మ్యాట్ మీద మీ పక్కన పడుకోబెట్టండి. వేడినీళ్ల సీసాని గుడ్డలో చుట్టి పక్కన పెట్టొచ్చు. మంట దగ్గరికి మరీ లాగకండి. మామూలు కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 37 కిందకి పడితే ఆ రోజు ప్రయాణం అయిపోయినట్టే.

## 10. పోర్టేజ్

తల మీద కనూ ఉన్న మనిషికి కాళ్ల దగ్గర కుక్క కనిపించదు. కాబట్టి కుక్క ఎప్పుడూ మూటలు మోసే వ్యక్తితో, లీష్ మీద, వెనక నడవాలి. కుక్కకి సంచి కడితే బరువులో పదో వంతు మించనివ్వకండి. నీళ్ల దగ్గరికొచ్చేసరికి విప్పేయాలి, అది కట్టుకుని ఈదలేదు.

రోజూ సాయంత్రం పాదాలు చూడండి. వేళ్ల మధ్య చీలిక చిన్నగా ఉన్నప్పుడే బూటు వేస్తే సరిపోతుంది. మూడో రోజుకి కుంటితే ముప్ఫై కిలోలు మీ భుజాల మీదే.

## 11. క్యాంపు

దిగగానే కుక్కని కట్టేసి, ముందు టెంట్ వేసి, అందులోకి పంపండి. పురుగుల కాలంలో అదొక్కటే దానికి విశ్రాంతి. బ్లాక్ ఫ్లైస్ బొచ్చు పల్చగా ఉన్న పొట్ట మీద, చెవుల లోపల కుడతాయి. పొట్ట మీద నడుమ ముదురు చుక్కతో గుండ్రటి ఎర్ర మచ్చలు చూసి మొదటిసారి నేను హడలిపోయాను. అవి సాధారణంగా వాటంతటవే తగ్గుతాయి. డీట్ ఉన్న మన దోమల మందు మాత్రం కుక్కకి రాయకండి, నాకేస్తుంది.

ఎలుగుబంటి విషయంలో కుక్క కాపలా అనుకోవడం పొరపాటు. విడిచిపెడితే అది వెళ్లి ఎలుగుని రెచ్చగొట్టి, తరుముతుంటే నేరుగా మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. గిన్నెలో మిగిలింది వెంటనే ఎత్తేయండి, రాత్రి లీష్ లేదా టెంట్.

చేపలు పడితే పచ్చి చేప పెట్టకండి, బద్దె పురుగులొస్తాయి. ఎర గుచ్చిన గాలాన్ని నేల మీద వదలకండి. మింగితే దారం లాగొద్దు, అది నేరుగా సాయం కోరాల్సిన సందర్భం.

## 12. ముళ్లపంది

ఉత్తరాది అడవిలో కుక్కకి దాదాపు ఖాయంగా ఎదురయ్యేది ఇదే. ముళ్లు మూతిలో గుచ్చుకుంటే:

1. మూతి గుడ్డతో కట్టండి, ముళ్లు నోటి లోపల లేకపోతేనే. ఒకరు గట్టిగా పట్టుకోవాలి.
2. ప్లయర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, దిగిన దిశలోనే సూటిగా లాగండి.
3. ముల్లు కత్తిరిస్తే సులువుగా వస్తుందన్నది నిజం కాదు. పట్టుకోవడానికి చోటు పోతుంది, అంతే.
4. నోటి లోపల, కంటి దగ్గర, ఛాతీలో ఎక్కువగా ఉంటే మీరు ప్రయత్నించకండి. వెనక్కి తిరగండి.

## 13. ప్రతి ఉదయం నీళ్లలోకి దిగే ముందు

- జాకెట్ పట్టీలు బిగించారా? ఇద్దరూ, కుక్కా.
- లీష్ విప్పి, మడిచి, సంచిలో పెట్టారా?
- కుక్క కాళ్ల దగ్గర తాడేమైనా ఉందా?
- మొదటి ర్యాపిడ్ ఎక్కడ, రేవు ఏ ఒడ్డున, ఇద్దరికీ తెలుసా?
- కుక్క ఉదయం మామూలుగా తిన్నదా, విసర్జన సరిగా ఉందా?

## 14. ఇంటికొచ్చాక

చెవుల వెనక, చంకల్లో, వేళ్ల మధ్య పిడుదుల కోసం వారం పాటు వెతకండి. జాకెట్ పిడి కుట్లు ఊడాయేమో చూసి ఆరబెట్టండి. తర్వాతి నెలల్లో దగ్గు, తిండి మానడం, మానని పుండ్లు కనిపిస్తే వెట్‌కి ఏ నది మీద తిరిగారో ముందుగా చెప్పండి. ఒంటారియో అడవుల్లో, ముఖ్యంగా వాయవ్యాన కెనోరా ఊరి వైపు, కుళ్లిన కర్ర, తడి మట్టిలో ఉండే ఫంగస్ వల్ల బ్లాస్టోమైకోసిస్ అనే జబ్బు కుక్కలకి సోకుతుంది. ఊరి వెట్ మామూలు దగ్గు అనుకుని వేరే మందులు ఇచ్చే అవకాశం ఉంది. మ్యాప్ కాగితం కూడా పట్టుకెళ్తే ఇంకా మంచిది.